మా చెల్లెలి కంతు

మా చెల్లెలి మీద నాకు ఏడుపు. ఈ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, దానికీ తెలుసు, కాబట్టి ఇక్కడ దాచిపెట్టి నేను సాధించేదేమీ లేదు. నాకంటే ఆరేళ్ళు చిన్నది. సూదిలో దారం ఎక్కించడం దానికి నేర్పింది నేను. జాకెట్టుకి చంక దగ్గర ముడత రాకుండా ఎట్లా కత్తిరించాలో, మగ్గానికి గుడ్డ ఎంత బిగించాలో, గిరాకీ బేరమాడేటప్పుడు ఎక్కడ నోరు మూసుకోవాలో, అన్నీ నేనే నేర్పినా. అదేమో అన్నీ నేర్చుకుని, పెళ్ళి చేసుకుని, మా సూళ్ళూరుపేటలోనే, మా బజారులోనే, నా షాపుకి నాలుగంగళ్ళ అవతల బోర్డు కట్టింది. పైగా రిబ్బను కత్తిరించడానికి నన్నే పిలిచింది. కత్తిరించినా. ఆ కత్తెర కూడా నాదే.

మా ఆయన ఆటో నడుపుతాడు. ఇల్లు దానిమీద గడిచిపోతుంది. నన్ను నలుగురిలో నిలబెట్టింది మాత్రం పెళ్ళి జాకెట్లే. మా క్రైస్తవ మందిరాల్లో పెళ్ళికూతురు తెల్లచీర కడుతుంది. తెల్ల జాకెట్టు మీద తెల్ల ముత్యాలతో, వెండి జరీతో పని చేయడం ఎంత కష్టమో చేసినవాళ్ళకే తెలుసు. మా ఊరి ఉక్కపోతలో చెయ్యి కాస్త చెమట పట్టినా గుడ్డ మీద మరక తేలుతుంది. దొరవారిసత్రం నుంచి తడ దాకా ఏ సంఘంలో పెళ్ళి జరిగినా జాకెట్టు నా దగ్గరే కుట్టించుకోవాలని ఒక పేరు పడింది. ఆ పేరు నాకు కావాలి. పెళ్ళికూతురు మందిరంలో నడిచి వస్తుంటే వెనక బెంచీ ఆడవాళ్ళు నావైపు తిరిగి తలూపుతారే, అది నాకు అన్నం కంటే ఎక్కువ.

అట్లాంటిది ఒక ఎండాకాలం మా చెల్లెలు కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషను దించింది.

ట్రాలీ ఆటోలోంచి ఆరుగురు మొగోళ్ళు పట్టి దించినారు. పాస్టర్‌గారు వచ్చి మిషను మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసినారు. నేనూ కళ్ళు మూసుకున్నా గానీ రెప్పల సందులోంచి దాన్నే చూస్తున్నా. ప్రార్థన అయినాక మా చెల్లెలు పెన్‌డ్రైవ్ గుచ్చి బటన్ నొక్కింది. మెడలు పడిపోయేలా కూర్చుని మూడు రోజులు నేను వేసే తీగని ఆ మిషను టకటకా కొట్టుకుంటూ మధ్యాహ్నం భోజనాల వేళకి వేసి పారేసింది. అందరూ "స్తోత్రం" అన్నారు. నేనూ అన్నా. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. ఒంట్లో బాగాలేదా అని మా ఆయన అడిగితే ఎండదెబ్బ అని చెప్పినా.

నెల తిరక్కుండానే, ఇద్దరక్కలకీ నేను జాకెట్లు కుట్టిన ఇంటి మూడో పిల్ల, తన పెళ్ళి జాకెట్టు గుడ్డ చంకలో పెట్టుకుని నా షాపు ముందునుంచే పోయింది. పోతా పోతా "వందనాలక్కా" అని కూడా అనింది. నేను గుమ్మంలో నిలబడి అది ఏ షాపు మెట్లెక్కుతుందో చూసినా. ఆ రోజే అనుకున్నా, నాకూ ఆ మిషను కావాలి. అదే మిషను, అదే సైజు. ఇంకా చెప్పాలంటే, మా చెల్లెలికంటే తక్కువకి కావాలి.

ఆ సాయంత్రమే దాని షాపుకి పోయి, మాటల్లో మాటగా అడిగినా. "మిషను అప్పుకి నెలకెంత కడుతున్నావే?"

"తొమ్మిది వేలక్కా" అనింది, దారం కండె సరిచేస్తా.

మా నాయన గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆయన సంతల్లో పశువుల బేరాలు కుదిర్చేవాడు. అమ్మేవాడూ కొనేవాడూ తువ్వాలు కింద చేతులు పెట్టి వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటారు, పక్కనున్నోడికి ఒక్క ముక్క తెలియదు. ఆ తువ్వాలు మా ఇంట్లోకి కూడా వచ్చేసింది. కొన్న వస్తువు అసలు ధర మా ఇంట్లో ఎవరమూ చెప్పం. చీరైనా చేపైనా, కొన్నదానికి ఒక పావు వంతు కోసి చెబుతాం. తక్కువకి తెచ్చినామంటే తెలివిగలవాళ్ళం, అసలు ధర చెబితే ఎవడో మన నెత్తిన టోపీ పెట్టినాడని నవ్వుతారు. ఇదంతా నాకు తెలుసు. నేనూ అట్లాగే చెబుతా. అయినా మా చెల్లెలు తొమ్మిది అంటే తొమ్మిదే అని నమ్మినా. చీర ధర కోస్తారు గానీ అప్పు కూడా కోసి చెబుతారని నాకు తోచలేదు. ఇంకొకటి ఏందంటే, దానికి అదృష్టం పట్టిందని ఎవరేం చెప్పినా నేను ఇట్టే నమ్మేస్తా.

దానికి అప్పిచ్చింది నాయుడుపేటలోని ఒక ఫైనాన్స్ ఆఫీసు. నేనూ అక్కడికే పోయినా. రెండున్నర లక్షలు కావాలన్నా. కౌంటరులో ఉన్న అమ్మాయి వివరాలన్నీ కొట్టుకుని, నా ముందు ఒక కాగితం పెట్టింది. ముఖ్య వివరాల కాగితమంట. అంతా తెలుగులోనే ఉంది. ఇప్పుడు అట్లా రూలొచ్చిందంట. అప్పిచ్చేవాళ్ళు వడ్డీ ఎంత, ఫీజులు ఎంత, ఇన్సూరెన్సు ఎంత, అన్నీ కలిపి ఏడాదికి ఎంత శాతం పడుతుంది, ఆలస్యమైతే జరిమానా ఎంత, చివరికి మొత్తం ఎంత కడతాం, గొడవొస్తే ఎవరికి చెప్పుకోవాలి, ఇదంతా మనకొచ్చిన భాషలో రాసిచ్చి, విప్పి చెప్పాలంట. అందులో రాయని ఫీజు తర్వాత మన ఒప్పుకోలు లేకుండా వసూలు చేయకూడదంట. ఆ అమ్మాయి వేలు పెట్టి ఒక్కొక్క వరసా చెప్పుకుంటూ వచ్చింది. నేను కంతు దగ్గర ఆగిపోయినా. నెలకి పన్నెండున్నర వేలు.

"ఇదేందమ్మా, మా చెల్లెలికి తొమ్మిదికే ఇచ్చినారు గదా?"

"ఎవరికెంత ఇచ్చినామో వేరేవాళ్ళకి చెప్పకూడదు మేడం."

"నేను వేరేదాన్ని కాదు. ఒకే తల్లి కడుపున పుట్టినాం."

"అయినా చెప్పకూడదు మేడం. మీది మీకు మొత్తం చెబుతాం."

చూడండి ఈ న్యాయం. నాది నాకెందుకు? నా గురించి నాకు తెలియందేముంది? నాకు కావాల్సింది మా చెల్లెలి కాగితం. దాని వడ్డీ ఎంత, దాని ఫీజు ఎంత, దాన్ని చూసి ఎంత తగ్గించినారు, నన్ను చూసి ఎంత పెంచినారు, ఆ వివరాలు రాసిమ్మంటే రూలు ఒప్పుకోదంట. రూలు రాసినవాళ్ళకి చెల్లెళ్ళు లేరని అప్పుడే అర్థమయింది.

"ఇప్పుడే సంతకం పెట్టాల్సిన పని లేదు మేడం. ఇంటికి తీసుకెళ్ళి నిదానంగా చదువుకోండి. మూడు పనిదినాల దాకా ఈ కాగితంలోవి ఏవీ మారవు" అనింది ఆ అమ్మాయి. మర్యాదగానే అనింది పాపం. నాకు మాత్రం, నీకు అంత తాహతు లేదు పో అని బయటికి పంపించినట్టే వినిపించింది. మా చెల్లెలు ఈ కుర్చీలోనే కూర్చుని ఉంటుంది, నవ్వుతా మాట్లాడి ఉంటుంది, తగ్గించి ఉంటారు. దానికి ముఖం చూసి ఇస్తారు. చిన్నప్పటినుంచీ అంతే.

ఇంట్లో మా ఆయన ఆ కాగితం రెండువైపులా తిప్పి చూసినాడు. "దీంట్లో రెండేళ్ళని ఉంది. మీ చెల్లెలు ఎన్నేళ్ళకి తీసుకుందో అడిగినావా?"

"నెలకెంతో అడిగినా. చాల్లే."

"ఎన్నాళ్ళో అడక్కుండా నెలకెంతో తెలుసుకుని ఏం చేస్తావమ్మే?"

నువ్వు ఆటో నడుపుకో, మిషన్ల సంగతి నాకు తెలుసు అని ఆయన నోరు మూయించినా. నిజం చెప్పాలంటే మా బజారులో ఎవరూ ఎన్నాళ్ళని అడగరు. ఫ్రిజ్జయినా ఫోనయినా నెలకెంత అనే అడుగుతారు, నెలకెంత అనే చెబుతారు. నా తలలో తొమ్మిది వేలు మేకు దిగినట్టు దిగిపోయింది. అంతకంటే ఒక్క రూపాయన్నా తక్కువకి తేకపోతే నేను అక్కనే కాదు.

మరుసటి వారం రైలెక్కి గూడూరు పోయినా. అక్కడ ఇంకో ఆఫీసు. మేనేజరు పెద్దాయన, కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకుని, మందిరంలో వాక్యం చదివినట్టు కాగితాన్ని గట్టిగా చదివే మనిషి. పక్కన గిరాకీలు కూడా వింటున్నారు. నేను ముందే చెప్పేసినా, తొమ్మిది వేలలోపు అయితేనే మాట్లాడండి, లేకపోతే లేచిపోతానని.

"కంతు తగ్గాలంటే కాలం పెరుగుతుందమ్మా."

"పెంచండి."

"వడ్డీ కూడా మా దగ్గర కొంచెం ఎక్కువే."

"కంతు ఎంతో చెప్పండి."

ఎనిమిది వేల నూట యాభై అన్నాడు. నాకు లోపల పాలు పొంగినట్టయింది. ఆ తర్వాత ఆయన చదివిందంతా నా చెవిలో పడింది గానీ తలకెక్కలేదు. నాలుగేళ్ళు అన్నాడు. మొత్తం కలిపితే మూడు లక్షల తొంభై వేల పైన కడతారు అన్నాడు. అది రెండోసారి కూడా చదివినాడు, వేలు పెట్టి చూపించినాడు. "అర్థమయిందా అమ్మా?" అని అడిగినాడు. అర్థమయింది సార్ అన్నా. కాగితం తీసుకెళ్ళి ఇంట్లోవాళ్ళకి చూపించమన్నాడు. ఇంట్లోవాళ్ళకి చూపిస్తే ఏమంటారో తెలుసు గనక అక్కర్లేదన్నా. "చదివి వినిపించినారు, అర్థమయింది" అని రాసున్న చోట కొక్కిరిబిక్కిరి గీతల్లో సంతకం పెట్టేసి వచ్చినా. ఆయన తప్పు ఒక్కటి లేదు. చెప్పలేదని ఎవరి మీదా పడి ఏడ్చే దారి కూడా నాకు మిగల్లేదు.

మిషను దిగింది. పాస్టర్‌గారు వచ్చినారు, ప్రార్థన అయింది, కేకు కోసినాం. మా చెల్లెలు మిషను చుట్టూ ఒకసారి తిరిగి, నేను ఎదురుచూస్తున్న మాట అడిగింది.

"నెలకెంతక్కా?"

"ఆరున్నర" అన్నా. మా నాయన బిడ్డనే గదా, ఎనిమిదిని ఎనిమిదని ఎట్లా చెబుతా?

"ఆరున్నరా?" అని ఆగిపోయింది. చేతిలో కేకు ముక్క అట్లాగే ఉంది. ఆ ముఖం నేను ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే చూడగలను. ఆ రాత్రి నాకు పట్టిన నిద్ర పెళ్ళయినాక ఎప్పుడూ పట్టలేదు.

ఆ తర్వాత మా మధ్య రాకపోకలు పలచబడినాయి. ఆదివారం ఆరాధనకి అది ముందు బెంచీలో నా పక్కన కూర్చునేది. ఇప్పుడు పాటలన్నీ అయిపోయినాక వచ్చి, వెనక కూర్చుని, ఆఖరి ప్రార్థన కాగానే పోయేది. మెడలో గొలుసు తీసేసి ఉత్త మెడతో తిరిగేది. రాకెట్ కేంద్రం క్వార్టర్స్ ఆడవాళ్ళ దగ్గర నేర్చుకున్న ఫ్యాషనేమో అనుకున్నా, అది కూడా దానికి బాగానే ఉందే అని ఏడ్చుకున్నా. నా షాపులో మిషనూ ఆడుతూనే ఉంది, పెళ్ళికూతుళ్ళు సగం ఇటు, సగం అటు. బాకీ మాత్రం తగ్గినట్టే కనిపించేది కాదు. నేను ప్రతి నెలా కట్టేదాంట్లో అసలుకి పోయేది చాలా కొంచెం అని మా ఆయన ఒకరోజు ఫోన్లో చూసి చెప్పినాడు. ఆయనతో రెండు రోజులు మాట్లాడలేదు.

రెండేళ్ళకి మా చెల్లెలు ఇంటికొచ్చి పిలిచింది. "కంతులన్నీ అయిపోయినాయక్కా. శుక్రవారం సాయంత్రం కృతజ్ఞతా కూడిక పెట్టుకున్నాం. బావని తీసుకుని రా."

అయిపోయినాయా? ఎట్లా అయిపోయినాయి? తొమ్మిది చొప్పున రెండేళ్ళకే ఎట్లా అయిపోతాయి? తలుపేసుకుని వేళ్ళు మడిచి లెక్కపెట్టినా. తొమ్మిది ఇరవైనాలుగులు అసలుకే చాలవు. పైవాళ్ళెవరో దానికి మాఫీ కూడా చేసినారని తేల్చుకున్నా. ఇంకేముంటుంది మరి, అన్నీ దానికే.

కూడికకి వీధంతా వచ్చినారు. పాటలయినాక పాస్టర్‌గారు సాక్ష్యం చెప్పమన్నారు. మాలో అది మామూలే. మేలు పొందినవాళ్ళు లేచి నిలబడి, ఏం కష్టం వచ్చిందో, ఎట్లా గట్టెక్కినారో ఉన్నదున్నట్టు చెప్పాలి. మా నాయన తువ్వాలు అక్కడ పనికిరాదు. మా చెల్లెలు కొంగు నెత్తిన కప్పుకుని లేచింది.

"నేను నెలకి పన్నెండున్నర వేలు కట్టినా. తొమ్మిదని అందరికీ అబద్ధం చెప్పినా, మా అక్కకి కూడా. ఎక్కువ కడుతున్నానంటే నన్ను మోసం చేసినారని నవ్వుతారని సిగ్గుపడినా. రెండు నెలలు కట్టలేక నా గొలుసు తాకట్టు పెట్టినా. అది ఇంకా బ్యాంకులోనే ఉంది. ప్రభువు దయవల్ల అప్పు మాత్రం తీరిపోయింది."

అందరూ స్తోత్రం అన్నారు. నేను మళ్ళీ వేళ్ళు మడిచినా. పన్నెండున్నర. నాయుడుపేటలో ఆ అమ్మాయి నా ముందు పెట్టిన కాగితంలో ఉన్నది అదే అంకె, అదే రెండేళ్ళు. నేను పెంచినారు పెంచినారని రంకెలేసి లేచొచ్చింది మా చెల్లెలికి వేసిన ఆ కంతు మీదనే. నా చేతులతో నేనే ఆ కాగితం మడిచి బియ్యం డబ్బా కింద పెట్టినా.

భోజనాలప్పుడు వంటింట్లో సాంబారు బక్కెట్టు నింపుతా ఉంటే అది గరిటె పట్టుకుని పక్కకొచ్చింది.

"అక్కా, గూడూరు ఆఫీసు వివరాలు చెప్పు. ఇంకో మిషను తెచ్చుకుందామనుకుంటున్నా. నీకు ఆరున్నరకి ఇచ్చినవాళ్ళు నాకూ ఇస్తారు గదా. సోమవారం పోతున్నా."

ఇంకో మిషను. అంటే మిగిలిన సగం పెళ్ళికూతుళ్ళు కూడా అటే. పోనీ, పోయి నాలుగేళ్ళు ఇరుక్కోనీ అనుకున్నా. ఒక్క క్షణమే అనుకున్నానని చెబితే అబద్ధం, బక్కెట్టు నిండేదాకా అనుకున్నా. అక్కడాయన చదివి వినిపిస్తాడు, అర్థమయిందా అంటాడు, ఇదీ నాలాగే నెలకెంత అన్నది ఒక్కటే విని సంతకం పెడుతుంది. మళ్ళీ తాకట్టు పెట్టడానికి దాని దగ్గర ఏముంది? ఆఫీసువాళ్ళు ఏమేం చెప్పాలో రూలుంది. అక్క ఏం చెప్పాలో ఏ రూలూ లేదు, నోరు మూసుకున్నా నన్నడిగేవాళ్ళు లేరు. కానీ గరిటె ఎత్తినప్పుడు కొంగు జారి దాని మెడ కనిపించింది. అది ఫ్యాషన్ కాదని ఇప్పుడు తెలుసు.

"గూడూరు పోవద్దులే" అన్నా. "ఆరున్నర కాదు. ఎనిమిది వేల నూట యాభై. నాలుగేళ్ళు. మొత్తం మీద మూడు లక్షల తొంభై దాటుతుంది. ఇంకా సగం ఉంది."

అది గరిటె పట్టుకునే పెదాలు కదుపుతా లెక్క చూసుకుంది. చిన్నప్పుడు నా దగ్గర గుండీలు లెక్కపెట్టేటప్పుడు కూడా అంతే.

"నాకు మూడు లక్షలతో అయిపోయింది" అనింది నెమ్మదిగా.

"తెలుసు."

"మరి ఆరున్నర అన్నావే?"

"నువ్వు తొమ్మిదన్నావు గదా."

దాని ముఖం రెండేళ్ళకి విచ్చుకుంది. నేను తొంభై వేలు ఎక్కువ కడుతున్నానని విని విచ్చుకుంది, గమనించండి. నాకు చెంప మీద ఒక్కటివ్వాలనిపించింది. అంతలో అది గరిటె కింద పెట్టి, నా చెయ్యి పట్టుకుని, గొంతు తగ్గించి చెప్పడం మొదలుపెట్టింది. "నేను మోసపోయినాననే అనుకున్నానక్కా ఇన్నాళ్ళూ. నీకు అన్నీ కలిసొస్తాయి, నాకే ఎందుకిట్లా అని. నీ షాపులో లైటు వెలుగుతుంటే నాకు ఒళ్ళు మండేది. నీ పక్కన కూర్చోలేకనే ఆరాధనకి లేటుగా వచ్చేదాన్ని. నిన్ను చూసి ఎంత ఏడ్చినానో ఆ దేవుడికే తెలుసు."

నేను బాధపడాలి. ఇంకా రెండేళ్ళ కంతులున్నాయి, దానికి ఒక్కటి కూడా లేదు. బయట మా ఆయన సాంబారు తెమ్మని అరుస్తున్నాడు. బక్కెట్టు ఎత్తబోయి మళ్ళీ కింద పెట్టినా. మా చెల్లెలు, రిబ్బను కత్తిరించడానికి నన్ను పిలిచిన మా చెల్లెలు, ముఖం చూసి అందరూ ఇచ్చేసే మా చెల్లెలు, నా మీద ఏడ్చింది. రెండేళ్ళు ఏడ్చింది.

"ఏదీ" అన్నా, "ఇంకోసారి చెప్పు."